మిషను ఆపగానే

వదినా,

నీ జాకెట్టుకి ఇంకా చేతులు అతకలేదు, తిట్టుకోకు. నిన్న పొద్దున మిషను తొక్కడం ఆపి, రోజూలాగే పొట్ట మీద చెయ్యేసుకున్నాను. నేను ఆపగానే తన్నే బుజ్జి ప్రాణం నిన్న ఉలకలేదు. "నెలలు నిండాక లోపల చోటుండదు, అంతగా కదలరు" అన్నావు కదా. సరేలే అని నడుం వాల్చాను.

కునుకు పట్టింది. కలలో నేనే లోపల ఉన్నాను. గోరువెచ్చటి నీళ్లు, ఎర్రటి చీకటి. బయట ఎవరో చెయ్యి పెట్టి నా కోసం చూస్తున్నారు. నేనున్నానని చెప్పాలనుంది, కాలు కదలడంలేదు.

మెలకువ రాగానే, ఈయన కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపోయాను. నర్సు పొట్టకి పట్టీ కట్టింది. నీళ్లలో ఎవరో మిషను తొక్కుతున్నట్టు గుండె చప్పుడు వినబడింది. ఏడుపు ఆగలేదు. "అంతా బాగుంది. కానీ నెలలు నిండినా కదలిక తగ్గకూడదమ్మా. తగ్గిందనిపిస్తే పడుకోకు, వెంటనే రా. ఎన్నిసార్లయినా రా" అంది.

నీ మాట కాదన్నానని అలగకు.

కాగితం పొట్ట మీదే పెట్టుకుని రాస్తున్నాను. పైన 'అలగకు' వంకర పోయింది చూశావా? నా చెయ్యి వణకలేదు, కింద నుంచి తన్ను పడింది.

నీ ఆడపడుచు