హెడ్‌ఫోన్స్‌లో వినపడని దగ్గు

సుగుణక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఫిల్మ్‌నగర్‌లో మన డబ్బింగ్ థియేటర్ అలాగే ఉంది, మైకు ముందు నీ స్టూలు కూడా.

నాకూ టీబీ వచ్చింది. నిన్ను ఆరు నెలలు మందులు మింగమన్నారు కదా, ఇప్పుడు వేరే మందులతో నాలుగు నెలల్లోనే నయమవుతుందేమోనని పరీక్షిస్తున్నారు. పోయిన నెల నేనూ అందులో చేరాను. సంతకం పెడుతుంటే నర్సు అంది: "దగ్గు తగ్గిందని నడుమ బంద్ చెయ్యకు అన్నా. రోగం పోయిందా లేదా కళ్లె పరీక్షలనే తెలుస్తది, జర యాద్ పెట్టుకో."

ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. నువ్వు మందులు మొదలుపెట్టిన నాలుగో నెలలో, సౌండ్ ఇంజనీర్ని కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నీ డైలాగులన్నీ విని, "ఒక్క దగ్గు లేదక్కా, గొంతు క్లీన్‌గా ఉంది. ఇంకా ఆ మాత్రలెందుకు?" అన్నది నేనే.

"నీ చెవికి తిరుగులేదురా" అని నవ్వావు. ఆ రోజే మాత్రలు మానేశావు. ఏడాది లోపే జబ్బు తిరగబెట్టింది.

నాకు మూడో వారానికే దగ్గు పోయింది. మాత్రలు మాత్రం మానలేదు. "తగ్గిందా?" అని థియేటర్లో అందరూ అడుగుతున్నారు. "నాకు తెలియదు" అంటున్నాను.

ఆ మాట ఆ రోజు నీతో అనాల్సిందక్కా.