ఎర్రపెట్ట కాలు

లింబాయత్, సూరత్.

విజయశ్రీకి, నేనూ పిల్లలూ క్షేమం. ఫోనులో నా మాట పూర్తి కాకముందే పెట్టేశావు కనుక ఈ కార్డు వ్రాస్తున్నాను.

చెల్లెలి పురుటికి వెళ్తూ, కోళ్లను చలికి సిద్ధం చేసే పని పక్కింటి పద్మారాణికి అప్పగించావు. రాత్రిబడిలో పదవ తరగతి ఉత్తీర్ణుడైన భర్త నీకు గుర్తు రాలేదు. అయినా నేను గూటి చుట్టూ గోనెపట్టాలు కట్టి, గాలి ఆడడానికి పైన సందు వదిలాను. ఆమె నవ్వింది.

"ఏందన్నా, కోళ్లకు గిట్ల కిటికీ వెడ్తరా? సలికి సస్తయి!"

సందు మూసి, వెచ్చదనానికని లోపల మగ్గాల తుక్కు దారం పరిచింది. తెల్లవారేసరికి ఆ దారం ఎర్రపెట్ట కాలికి బిగుసుకొని వేళ్లు నల్లబడినవి. కత్తిరించి తీసింది నేను. పెట్ట బ్రతికింది కానీ కుంటుతున్నది. "సదువుకున్నాయన సందుల సలిగాలికే కాలు వోయింది" అని ఆమె వాడంతా చెప్పింది. నీవూ నమ్మావు.

గ్యాసు పుస్తకం ఎక్కడ పెట్టావు? వచ్చేటప్పుడు పసుపు తీసుకురా. అత్తమ్మకు నమస్కారాలు, పసిబిడ్డకు నా దీవెనలు.

గూటిలో ఆ దారం ఇంకా ఉన్నది. గూటి తాళంచెవి ఆమె కొంగుకే ఉన్నది. నాకు ఇమ్మని నీవే ఆమెకు చెప్పు. నేను అడగను.

సోమలింగం