తక్కువ అరిగిన బిళ్ళ

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. దేవుడి దయవల్ల నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. ఆవిడ మోకాలు సర్దుకుంది. చేతికర్ర ఇప్పుడు నన్ను అదిలించడానికే పనికొస్తోంది.

"ఉప్పులో ఇనుము వండుతున్నావుగా, ఉడికిందా?" అని పోయిన ఉత్తరంలో మీరు వెక్కిరించారు. మా ల్యాబులో వండేది వేరేవాళ్ళు, తూచేదే నేను. రేడియేషన్ గురించి బెంగ పెట్టుకోకండి. ప్రమాదం లేదని తేల్చాకే ముక్కలు నా బల్ల మీదికి వస్తాయి.

కొత్త రియాక్టరులో మీరు అతికే గొట్టాల పని ఎందుకు ఆపేశారని కూడా అడిగారు. ఆ జవాబు రాయలేక మూడు కాగితాలు చించాను.

ఆ గొట్టాల లోహంతోనే రెండు బిళ్ళలు చేసి, వాటిలో పారబోయే కరిగిన ఉప్పులోనే ఒకే సమయంపాటు ఉంచారు. ఒకదానిమీద మాత్రం రేడియేషన్ పడనిచ్చారు. తూచి చూస్తే, అదే తక్కువ అరిగింది. నాకు నమ్మకం కుదరలేదు. రేడియేషన్ దేన్నైనా పాడుచేసేదే కదా, కడిగేటప్పుడు నేనే పళ్ళేలు తారుమారు చేశాననుకున్నాను. తప్పు దిద్దుతున్నాననుకుని పళ్ళేల మీది చీటీలు మార్చేశాను. ఎవరినీ అడగలేదు.

ఈ లోహం రేడియేషన్‌లో త్వరగా అరిగిపోతుందని రిపోర్టు వెళ్ళింది. మీ పని ఆగింది. మీతో ఉన్న నలభైమందిని ఇళ్ళకు పంపేశారని రాశారు చూడండి, ఆ ఉత్తరం దేవుడి పటం వెనక పెట్టాను. దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా కనిపిస్తోంది.

మొన్న మళ్ళీ పరీక్ష చేశారు. మళ్ళీ రేడియేషన్ పడిందే తక్కువ అరిగింది. లోహంలోని పరమాణువులు కదిలి, ఉప్పు తొలిచిన సందుల్ని పూడుస్తున్నాయేమో అన్నారు మా మేడమ్. రేడియేషన్ యంత్రం నడిపే పెద్దాయన్ని పిలిచి, "మొదటిసారి సరిగా నడిపారా?" అని నిలదీశారు.

"నడిపానమ్మా. నాకు చేతనైంది అదొక్కటే," అన్నాడాయన.

నేను పక్కనే త్రాసు తుడుస్తున్నాను. "మీకేమైనా గుర్తుందా?" అని మేడమ్ నన్నూ అడిగారు.

"లేదండీ," అన్నాను.

చీటీలు మార్చడం తెలియక చేసింది. ఆ మాట మాత్రం తెలిసే అన్నాను.

రేపు ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను, ఆ తర్వాతే మేడమ్ గదిలోకి వెళతాను. మీకు రాసేశాక ఇక వెనక్కి తగ్గలేను. ఉద్యోగం ఉంటుందో పోతుందో దేవుడి చిత్తం. ఆ నలభైమందికీ ఎవరివల్ల పని పోయిందో మీరే చెప్పండి. నా పేరు దాచకండి.

ఇట్లు,
మీ ఇల్లాలు