అత్తయ్య మాటకు గడువు

అక్టోబరు 9

పొద్దున్నే ఫోన్ తెర మీద ఓ తెల్ల పెట్టె. మీ ఫోన్‌లో సాఫ్ట్‌వేర్ పాతబడింది, జనవరి నుంచి ఈ యాప్ ఇందులో పనిచేయదు — అని. కింద "సరే" అన్న మీట ఒక్కటే. కాదనడానికి మీట లేదు.

ఇంకే యాప్ అయినా బాధపడేదాన్ని కాదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు తెలుగు అక్షరాలుగా రాసి చూపించే యాప్ ఇది. జ్వరంలో నా చెవులు రెండూ పోయాక, బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం పోయాక, నాకు మిగిలిన చెవి ఇదే.

"సరే" నొక్కలేదు. ఫోన్ సంచిలో పడేసి, కాలేజీ ఆఫీసులో పనికి వెళ్ళే రైలు కోసం స్టేషన్‌కి నడిచాను. భీమడోలు నుంచి వట్లూరు దాకా తెరవైపు చూడలేదు.

అక్టోబరు 10

సెట్టింగ్స్ అన్నీ వెతికాను. అప్‌డేట్ ఉందేమోనని. "మీ ఫోన్ తాజాగా ఉంది" అంటుంది! పక్కనే ఆకుపచ్చ టిక్కు. రెండేళ్ళుగా ఏ అప్‌డేటూ రాలేదు. రావాల్సింది లేదు కాబట్టి తాజాగా ఉన్నట్టేనట.

ప్రభుదాస్ గారికి చూపించాను. "ఒకడు పాతదంటాడు, ఒకడు తాజాదంటాడు. ఎవణ్ణి నమ్మాలి?" అన్నారు. కొత్తది కొనేద్దాం అన్నారు. మా ఆయనకి అన్నీ తేలిక.

ఆయన పెదాలు నేను చదవగలను. నా కోసం మీసం తీసేశారు, పెళ్ళినాటి మీసం. అత్తయ్య పెదాలు చదవలేను. ఆవిడకి పళ్ళు లేవు, మాటలన్నీ ఒకేలా కదులుతాయి. ఆవిడే రాసి చూపించాలంటే చదువు లేదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఈ ఫోనే.

అక్టోబరు 15

ఈవేళంతా ఒకటే జ్ఞాపకం.

ఫోన్ కొన్న కొత్తలో దీనికి అత్తయ్య మాట అంతుపట్టేది కాదు. ఆవిడది కొల్లేటి లంక యాస. "కూర మాడతందే అమ్మాయ్" అంటే "కూర్మా నాడు అందే అమ్మాయి" అని రాసేది. ఆ కూర్మా ఏమిటో ఆలోచించేలోగా కూర నిజంగానే మాడిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. కొన్నిసార్లు నవ్వేవాళ్ళం కాదు.

తర్వాత ఒక అప్‌డేట్ వచ్చింది. నేనేమీ చేయలేదు. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టాను, తెల్లారింది. అత్తయ్య పెరట్లోంచి వస్తూ ఏదో అంది. తెర మీద — "తలంటుకోవే, జుట్టు చూడు ఎలా అట్టగట్టిందో."

ఒక్క అక్షరం తప్పు లేదు. నిలబడిపోయాను. ఎన్నో నెలల తర్వాత అత్తయ్య నన్ను తిట్టడం అదే మొదటిసారి. అంటే నాకు తెలిసేలా తిట్టడం! ఏడుస్తుంటే భయపడి, "ఇప్పుడేమన్నానే తల్లీ" అంది. అదీ సరిగ్గానే రాసింది.

ఎవరు నేర్పారు దానికి? ఏ ఊళ్ళో కూర్చున్న ఎవరు? మా పెరటి మాటని ఎలా పట్టుకున్నారు?

ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అక్టోబరు 25

తాడేపల్లిగూడెం వెళ్ళాం. సుబ్బారావు గారి మొబైల్ షాపు. ఈ ఫోన్ ఆయన దగ్గరే కొన్నది, నిరుడు బ్యాటరీ వేసిందీ ఆయనే. నేను ఫోన్ ఆయన వైపు పెడితే చాలు, అలవాటుగా దాని దగ్గరకి వంగి మాట్లాడతారు. బావిలోకి మాట్లాడినట్టు.

"ఫోనుకేం రోగం లేదండీ అమ్మగారూ. ఇంకో నాలుగేళ్ళు నడుస్తుందండి. కంపెనీ వాళ్ళే దీన్ని వదిలేశారండి."

ఎందుకు వదిలేశారు అంటే — "పాతవాటికి అప్‌డేట్లు పెట్టుకుంటూ పోతే కొత్తవి ఎవరు కొంటారండీ? నేనూ అమ్ముకునేవాణ్ణే కదండీ, అబద్ధం ఎందుకాడాలి."

ఇప్పుడు కొన్ని కంపెనీలు ఏడేళ్ళు ఇస్తామంటున్నాయట. నా ఫోన్ కొన్నప్పుడు ఎన్నేళ్ళని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బియ్యం కొంటే పాతవా కొత్తవా అని చేతిలో పోసుకుని చూస్తాను. చెవి కొనుక్కుంటూ అడగలేదు.

ప్రభుదాస్ గారు కొత్తవి తీయమన్నారు. వద్దన్నాను. ఒకసారి కంపెనీవాళ్ళని అడిగి చూస్తానన్నాను. ఆయన ముఖం... సరే. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

అక్టోబరు 26

ఆదివారం. గుడి. ప్రసంగం అంతా తెర మీద చదువుకున్నాను. "ఆమేన్" ని ఈసారి కూడా "ఆమె నే" అని రాసింది. దానికి ఆ మాట నేర్పే టైం ఎవరికీ లేకపోయింది పాపం.

నవంబరు 4

కాలేజీలో ఫణి గారిని అడిగాను. కంప్యూటర్ సైన్స్ చెప్తారు, అడ్మిషన్ల గదిలో నా టేబుల్ దగ్గర టీ తాగుతారు.

ఆయన కాగితం తీసి బొమ్మ గీశారు. లోపలి చిప్పు చేసేవాళ్ళు ఒకరు, ఫోన్ చేసేవాళ్ళు ఒకరు, యాప్ చేసేవాళ్ళు ఇంకొకరు. ఒకరు ఆపితే మిగతావాళ్ళ చేతులు కట్టేసినట్టే. "ఒక్కో పాత మోడల్‌కీ కొందరు కూర్చుని పరీక్షించాలండీ మేడమ్. తాళాలు పాడయ్యాయేమో రోజూ చూడాలి. లేకపోతే దొంగలు దూరతారండి. అది ఊరికే జరిగే పని కాదండీ."

మరి ఎన్నాళ్ళు చేయాలంటారు?

"ఫోన్ విరిగిపోయేదాకా అని మీరంటారు. లాభం వచ్చేదాకా అని వాళ్ళంటారు. నన్నడిగితే, అమ్మే రోజే డబ్బా మీద పెద్దక్షరాలతో రాయాలండీ. రాశాక మాట తప్పకూడదండి."

రైల్లో వస్తూ అదే ఆలోచన. నేను ఇన్నాళ్ళూ వస్తువు అనుకున్నాను. కొన్నాం, మనదైపోయింది అనుకున్నాను. కాదు. దీని వెనక మనుషులు నిలబడి ఉన్నారు. నా పేరు తెలియని, నేనెప్పుడూ చూడని మనుషులు, అత్తయ్య మాట నాకు అందేలా ఒకరి పక్కన ఒకరు నిలబడి అందిస్తూ ఉన్నారు. వాన ముంచుకొచ్చినప్పుడు పచ్చి ఇటుకలు తడవకుండా చేతులు మారినట్టు.

కిటికీ బయట కోతకొచ్చిన చేలు. ఏమీ కనిపించలేదు. అంత ఆశ్చర్యంగా ఉంది.

నవంబరు 10

కంపెనీకి రాశాను. తెలుగులోనే. బతిమాలలేదు. "మీరు అమ్మింది ఫోనే. నాకు అది చెవి అయింది, దానికి మీరూ కారణమే. ఎన్నాళ్ళు నిలబెడతారో ముందే చెప్పి ఉంటే బాగుండేది."

నవంబరు 12

జవాబు. "మీ అభిప్రాయం మాకు విలువైనది. ఈ మోడల్ సపోర్ట్ కాలం ముగిసింది." కింద కొత్త ఫోన్ల బొమ్మలు.

నవంబరు 13

అత్తయ్యకి చెప్పక తప్పలేదు. జనవరి నుంచి ఇది మీ మాటలు రాయదు అన్నాను.

ఫోన్ కేసి చూసింది. "ఆడెవడే నన్ను మాటాడొద్దనడానికి?"

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నవంబరు 23

కొల్లేరు వెళ్ళాం. అత్తయ్య అడిగింది. పుట్టిల్లు ఆ లంకల్లోనే, అన్న పోయాక వెళ్ళలేదు. "ఆ ఫోను పనిచేసేటప్పుడే నీకు చూపిత్తాను" అంది. చూపించడానికి ఫోన్ ఎందుకు అని అడగలేదు.

పడవ. నీళ్ళ మీద పొద్దుటి పొగమంచు ఇంకా ఉంది. గూడబాతులు — ఎన్నని! తెల్లటి గుంపు ఒక్కసారి లేచేసరికి ఆకాశం పక్కకి జరిగినట్టైంది. నాకు అంతా నిశ్శబ్దం. చేతిలో ఫోన్ చూసుకుంటే తెర అడుగున చిన్న అక్షరాలు: పక్షులు. కాసేపటికి: నీరు. మళ్ళీ: పక్షులు, గాలి.

ఎవరూ మాట్లాడలేదు. కొల్లేరు మాట్లాడింది, అది రాసింది.

ప్రభుదాస్ గారికి చూపించాను. ఆయన అక్షరాలు చదివి, పక్షుల కేసి చూశారు.

అప్పుడు అత్తయ్య మొదలుపెట్టింది. నీళ్ళవైపు తిరిగి మాట్లాడుతోంది. తెర నిండుతోంది. నేను జ్వరంతో ఏలూరు ఆసుపత్రిలో ఉన్నప్పటి సంగతి. "డాక్టరు చెప్పాడు, ఈ పిల్లకింక యినపడదని. అయినా నీ మంచం పక్కన కూకుని మాటాడతానే ఉన్నాను. ఇంటికొచ్చాకా మాటాడాను. అందరూ సైగలు చేసేవోళ్ళు. నేను చెయ్యలేదు. యినపడదని తెలుసు. మాట ఆపేత్తే మనిషిని వదిలేసినట్టే కదే."

ఆ నెలల్లో అత్తయ్య నోరు కదలడం చూసేదాన్ని. ఎవరితోనో గొడవపడుతోంది అనుకునేదాన్ని. నాతోనే అట.

చేయి పట్టుకున్నాను. చేపల వాసన, పొడి పొగాకు వాసన. తెర మీద: పక్షులు.

నవంబరు 24

నిన్నటి గురించి ఇంకా రాయాలనుంది. రావడం లేదు.

డిసెంబరు 14

క్రిస్మస్ పనులు. నక్షత్రం కట్టారు. అత్తయ్య అరిసెల పాకం దగ్గర నుంచి ఆజ్ఞలు. తెర మీద "పాకం, పాకం, పాకం". అంత గట్టిగా అరిచిందా?

డిసెంబరు 30

ప్రభుదాస్ గారు అడగడం మానేశారు. నేనే అన్నాను — కొనేద్దాం. మొండితనం ఎవరి కోసం? సంక్రాంతి ముందు వెళ్దాం అన్నారు.

జనవరి 3

ఇంకా పనిచేస్తోంది! మర్చిపోయారేమో. ఊపిరి బిగబట్టి వాడుతున్నాను.

జనవరి 6

ఆగిపోయింది.

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. అత్తయ్య పీట మీద కూర్చుని ఏదో పాత సంగతి ఎత్తుకుంది. తెర మీద "మా అన్న ఆ యేడు" దాకా వచ్చింది. అక్కడ తెల్ల పెట్టె. అప్‌డేట్ చేయండి అని. నొక్కితే ఎక్కడికీ వెళ్ళదు.

అత్తయ్యకి తెలియదు. చెప్తూనే ఉంది. చేతులు కదుపుతూ చెప్పింది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఒకసారి నవ్వింది. ఆపి చెప్పాల్సింది, ఫోన్ ఆగిందని. చెప్పలేకపోయాను. ఆవిడ ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఎంత పెద్ద కథో! కత్తిపీట మీద ఉల్లిపాయ అలాగే ఉంది.

జనవరి 8

కొత్త ఫోన్. సుబ్బారావు గారు డబ్బా తిప్పి చూపించారు. ఏడేళ్ళు అని అచ్చేసి ఉంది. "ఈసారి అడిగారు చూశారా" అన్నారు. అది వెంటనే రాసింది, పాతదానికంటే వేగంగా.

ఇంటికి రాగానే అత్తయ్య ముందు పెట్టాను. అనుమానంగా చూసింది. "ఇదెన్నాళ్ళంట?"

ఏడేళ్ళు.

వేళ్ళు ముడిచి ఏదో లెక్క కట్టింది. "పర్లేదు, బతకనిచ్చాడు" అంది. తెర మీద పక్కన: నవ్వు.

ఎంత బాగా రాస్తోందో. ఆవిడ మింగేసే చివరి అక్షరాలు కూడా పట్టుకుంటోంది. మళ్ళీ అదే... ఒళ్ళు జలదరించడం. కోపం పోలేదు. ఆశ్చర్యమూ పోలేదు. రెండూ పక్కపక్కన కూర్చుని ఉన్నాయి.

జనవరి 12

పొద్దున్న టీ దగ్గర అడిగాను. మొన్న వంటింట్లో ఏదో చెప్పారు కదా అత్తయ్యా, మీ అన్నయ్య గురించి. ఫోన్ ఆగిపోయింది. నాకు అందలేదు. మళ్ళీ చెప్పరూ?

"ఏనాడు?"

ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు.

"ఏం చెప్పుంటానే... ఎన్నో చెప్తాను."

మీరు ఏడ్చారు. తర్వాత నవ్వారు.

గ్లాసు కింద పెట్టింది. కిటికీలోంచి బయటికి చూస్తోంది. రైలు టైం దాటిపోతోంది, ప్రభుదాస్ గారు గుమ్మంలో నిలబడి చేత్తో పిలుస్తున్నారు. కాస్త ఆగమన్నాను.

అత్తయ్య పెదాలు కదిలాయి. తెర మీద "ఆ యేడు నీళ్ళు" అని వచ్చింది. అత్తయ్యే ఆగింది, తలచుకుంటూ.

చూస్తున్నాను.