బాపు చూడని తవ్వకం

జగిత్యాల,
ఆదివారం మధ్యాహ్నం.

బాపుకు,

మీ బిడ్డ నవ్య నమస్కరించి రాస్తున్నది. నేనూ, నా గదిలో ఉండే సిరిసిల్ల శ్రావణీ జ్వరాలూ జలుబులూ లేకుండా బాగానే ఉన్నాము. కోరుట్లలో మీరూ అమ్మా కూడా అట్లాగే ఉన్నారని మీ ఉత్తరం వల్ల తెలిసి నిశ్చింతగా ఉంది.

హాస్టల్లో సరిగ్గా తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. పప్పులో నీళ్లే ఎక్కువ, అమ్మ పంపిన మామిడికాయ తొక్కుతో లాక్కొస్తున్నాను. చలికి స్వెట్టర్ ఉంది. డిగ్రీలో తెలుగు తీసుకుని ఏం సాధిస్తావని ఈసారి కూడా అడిగారు. మొన్న కాలేజీలో వ్యాసరచనకు మొదటి బహుమతి వచ్చింది. అయినా మా మేడం నా వ్యాసంలో 'మహోన్నతమైన' అన్న మాట కింద ఎర్రగీత గీసి, పక్కన 'దేనికంటే?' అని రాసింది. అప్పటినుంచి పెద్ద మాట ఏది కనబడినా దాన్ని ఆపి దేనికంటే అని అడగడం అలవాటైపోయింది. ఇదే నేను ఇప్పటిదాకా సాధించింది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకని అనుకోకండి. ఫోన్లో మీరు మాట్లాడుతుంటే నేను వినేదాన్నే అవుతాను. మీ గొంతుకు అడ్డం పోవడం మన ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. కాగితం మీద మాత్రం మీరు నాకు అడ్డం రాలేరు.

సన్మాన పత్రం సంగతి. వచ్చే నెల క్లబ్బువాళ్లు మీకు శాలువా కప్పుతున్నారనీ, పత్రం నేనే రాయాలనీ, 'న్యాయం కోసం ముందుకొచ్చిన మహనీయులు' అని మొదలుపెట్టమనీ రాశారు. తన పొగడ్తను తానే రాసి పంపుకునే మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు. కిరాణా కొట్టుకు చిట్టీ పంపినట్టే ఉంది. అయినా కూర్చున్నాను. 'న్యాయం' అన్న మాట దాటి నా కలం పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు సిరిసిల్ల పోయిన సంగతి చెప్పాలి.

దసరా అయిపోయాక శ్రావణి నన్ను వాళ్ల ఊరు తీసుకుపోయింది. వాళ్ల పెద్దమ్మ బాలమణి ఇంట్లో భోజనం. ఆమె భర్త రాజం మరమగ్గాల మీద పనిచేస్తాడు. వీధి నిండా మగ్గాల చప్పుడే కాబట్టి అక్కడ అందరూ గట్టిగా మాట్లాడతారు, ఆ ఇంట్లో మాత్రం ఎవరి గొంతూ లేవదు. కొడుకు అక్షయ్ జైల్లో ఉన్నాడని శ్రావణి ముందే చెప్పింది. ఏ కేసని నేను అడగలేదు. అది మర్యాద అనుకున్నాను.

అన్నం పెడుతూ బాలమణి అడిగింది, "ఎవలి బిడ్డవు బిడ్డా?"

మనం ఎప్పుడూ చెప్పే తీరులోనే, కొంచెం తల ఎత్తి చెప్పాను. కోరుట్ల సుధాకర్ రావు బిడ్డను, ఒకప్పుడు మాది కథలాపూర్ అని. ఆమె చేతిలో గంటె ఆగిపోయింది. శ్రావణి నా మొఖం చూసింది. మీ పేరు నేను ఆమెకు ఎప్పుడూ చెప్పి ఉండలేదు.

రాజం నవ్వాడు. "దొర బిడ్డనా? ఇంకింత కూర వెయ్యే. రేపు కోర్టుల మనింట్ల ఏం కూర వండినమో గూడ చెప్తరు, చూడకున్నా."

"పిల్లనేమంటవ్, ఊకో" అన్నది బాలమణి.

అప్పుడు తెలిసింది అది మీ కేసని. మీ కేసని ఎందుకంటున్నానంటే, మన చుట్టాల పెళ్లిళ్లలో దాన్ని మీరు అట్లాగే చెప్పుకునేవారు. ఆరేళ్ల కింద నగరంలో నగల వ్యాపారినీ ఆయన భార్యనూ ఇంట్లోనే చంపి నగలు ఎత్తుకుపోయారు. టీవీల్లో వారం రోజులు ఇంకో వార్త లేదు. దొంగలు ఏరీ అని మంత్రుల దగ్గర్నుంచి మన కటింగ్ షాపుదాకా అందరూ అడుగుతుంటే, ఆ ఇంటి ఎదురుగా పరుపుల షాపులో పనిచేసే అక్షయ్‌నూ, తోటి పనివాళ్లు ఇద్దరినీ పట్టుకున్నారు. పోయిన నగల్లో పోలీసులు చూపించింది ఒక్క గాజుల జత. కథలాపూర్‌లో అక్షయ్ మేనమామ పసుపు చేను గట్టున తవ్వితే దొరికిందన్నారు. తవ్వుతుంటే చూసిన పెద్దమనిషి మీరు. మీ మాట మీద ముగ్గురికీ యావజ్జీవ శిక్ష పడింది.

పోయిన ఏడాది వేరే రాష్ట్రంలో ఒక ముఠా మిగతా నగలతో దొరికింది. ఆ వార్త వచ్చిన పొద్దున మీరు పేపర్ మడిచి పక్కన పెట్టి, చట్నీలో ఉప్పెక్కువైందని అమ్మ మీద అరిచారు. ఆ రోజు నాకు అర్థం కాలేదు. పోలీసులు తప్పు ఒప్పుకోలేదు, వాళ్లూ వీళ్లూ ఒకటే ముఠా అన్నారు. ముగ్గురూ ఇంకా లోపలే ఉన్నారు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోతే బాలమణి చెంబుతో నీళ్లు పోసింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ బాపు మంచిగ మాట్లాడ్తడు బిడ్డా. బోనుల నిలవడి గట్ల చెప్పుకుంట పోతాంటే నాకే అనిపించింది, నా కొడుకే చేసిండేమో అని. ఏడాదిదాంక జైలుకు పోలే నేను. వాడు ప్రతి వారం ఎదురు చూసిండట."

ఈ మాట మీకు చేరవేయడానికే ఇంత కాగితం ఖర్చు చేస్తున్నాను.

తర్వాత వాళ్ల లాయరు అనురాధ గారిని కలిశాను. మీరు కోర్టులో చెప్పింది చదవమని ఇచ్చారు. పసుపు ఆకుల వాసన, గట్టు మీద తడి మన్ను, గడ్డపార లోహానికి తగిలిన చప్పుడు, అక్షయ్ తల దించుకున్న తీరు, అన్నీ ఉన్నాయి. సాహిత్య విద్యార్థిగా చెబుతున్నాను బాపూ, చాలా చక్కగా ఉంది. ఒక్క మాట వృథా కాలేదు. మేడం కూడా దాంట్లో ఎర్రగీత గీయలేకపోవచ్చు.

కానీ గట్టు మీద అంతదూరం ఎట్లా నడిచారు? ఆ తవ్వకం జరిగిన నెలంతా మీ ఎడమ కాలు తొడదాకా సిమెంటు పట్టీలో ఉంది. బండి మీద నుంచి పడి మూడు చోట్ల ఎముక విరిగి, హాల్లో దివాన్ మీద పడుకునే ఉన్నారు. బాత్రూంకు పోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. నగరం నుంచి వచ్చిన ఎస్సై మన హాల్లోనే కూర్చున్నాడు. చాయ్ తెచ్చింది నేనే, ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ముందే టైపు చేసిన కాగితాలు మీ ఒళ్లో దిండు మీద పెట్టాడు.

"నేను చూడలే గదా" అన్నారు మీరు. అది ఆ రోజు మీరన్న ఒక్క నిజం.

"మీ అసోంటి పెద్దమనుషులు సంతకం వెడ్తె కోర్టు మారు మాట్లాడది సార్" అన్నాడు ఎస్సై.

మీ మొఖంలో సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎవరో శాలువా కప్పినట్టే ఉన్నారు. ఇయ్యేం కాగితాలని అమ్మ అడిగితే, "నీకు తెల్వది, లోపలికి వో" అన్నారు.

మీ ఒక్కరినే అంటే అన్యాయం. కోరుట్ల సగం మీ కాలు చూడటానికి యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చింది. ఆ సగమే మీ సాక్ష్యం పేపర్లో చదివి శభాష్ అన్నది. డాక్టర్లున్నారు, వకీళ్లున్నారు, మా స్కూలు సార్లున్నారు. పట్టీలో ఉన్న కాలు పసుపు చేనుకు ఎట్లా పోయిందని ఒక్కరు అడగలేదు. అడిగితే మన ఇంట్లో చాయ్ పుట్టదని వాళ్ల భయం. మన ఊళ్లో గౌరవం అంటే ఇదేనని తెలుసుకోవడానికి నాకు డిగ్రీదాకా పట్టింది. మగ్గం నేసే సాలోళ్ల పిల్లలు ముగ్గురు పోతే పోనీ, దొరవారి మాట నిలవాలి. పెళ్లిళ్లలో మీరు ఆ కథ చెప్పిన ప్రతిసారీ గుంత ఇంకొంచెం లోతయ్యేది. అందరూ వినేవారు, ఆ పట్టీ మీద పేర్లు రాసి ఆడుకున్న నాతో సహా.

ఉత్తరం చివర మీరు ఎక్స్‌రే కవర్ గురించి అడిగారు. చలికి కాలు గుంజుతున్నదనీ, డాక్టర్ పాతది తెమ్మన్నాడనీ, అమ్మ ఎంత వెతికినా దొరకలేదనీ. అది దొరకదు. దీపావళికి వచ్చినప్పుడు బీరువా మీద నుంచి తీసింది నేను. ఇప్పుడు అనురాధ గారి దగ్గర ఉంది, దాని మీద మీ పేరూ తేదీ కూడా ఉన్నాయి. నేను చూసింది కూడా ప్రమాణం చేసి రాసిచ్చాను. వాటిని విచారణలోకి తీసుకోమని ఆమె హైకోర్టులో పిటిషన్ వేశారు. ఇది మీకు ఇన్ని రోజులు చెప్పలేదు. ఈ ఉత్తరంలో కూడా ఇంతదాకా చెప్పలేదు, చూశారా, మీ భయం నాకు ఇంకా పోలేదు.

తీస్తుంటే అమ్మ చూసింది. ఎందుకని అడగలేదు. వంగిపోకుండా ఒక అట్ట తెచ్చి ఇచ్చి వంటింట్లోకి పోయింది. ఆమె మీద అరవకండి. మీరు లోపలికి పొమ్మన్నందుకు ఆరేళ్లు లోపలే ఉన్నది.

మీ మీద కోపంతో చేయలేదని రాసి కొట్టేశాను. కోపం ఉంది. కోపం కంటే చులకన ఎక్కువ ఉంది, అదే నన్ను ఎక్కువ బాధిస్తున్నది. మిమ్మల్ని చులకనగా చూడటం నాకు అలవాటు లేదు.

కోర్టు మిమ్మల్ని మళ్లీ సాక్ష్యానికి పిలవొచ్చునట. నిజం చెబితే పరువు పోతుంది, సన్మానం పోతుంది, మీ మీదే కేసు రావొచ్చునని అనురాధ గారు దాచకుండా చెప్పారు. తోడు కావాలంటే కోరుట్ల నుంచి మీతో పాటు బస్సులో నేను వస్తాను. పాత మాటే చెప్పదలచుకుంటే మాత్రం, ముందు ఇంకొక మాట చెప్పాల్సి ఉంటుంది. నా కూతురు నవ్య అబద్ధాలాడుతున్నదని జడ్జికి చెప్పాలి. మీరు చెబితే నమ్ముతారు. అది చెప్పేటప్పుడు నేను ఎదురుగా, బాలమణి పక్కన కూర్చుని ఉంటాను.

ఇట్లు,
ఇప్పటికీ మీ బిడ్డనే అయిన
నవ్య