మెత్తని కాలు

…కానీ అసలు సంగతి నిన్న రాయనే లేదు, శైలజక్కా. నువ్వు నేర్పిన డ్రైవింగు, నేను దాచిన లైసెన్సు అవ్వకు ఒక్కదానికే తెలుసు. మొన్న నాయన ఊళ్లో లేనప్పుడు, నడుం పట్టేసిన అవ్వను హిందూపురం నుంచి ధర్మవరం డాక్టరు దగ్గరికి మన పాత అంబాసిడర్‌లో నేనే తీసుకెళ్లాను! దూరానికి మెత్తని సుమో కారే సుఖమని నాయన అంటాడు కదా. అవ్వ నిండు మజ్జిగ చెంబు ఒళ్లో పెట్టుకొని, "తొణికితే మీ నాయనకు చెప్తా" అంది. పెనుకొండ గుంతల దగ్గర బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించాను. ధర్మవరంలో అవ్వ చీర తడిమి చూసుకుంది. చుక్క తడి లేదు!

"దూరం పోవల్లంటే మెత్తని కారు కాదే, మెత్తని కాలు ఉండల్ల" అంది.

తలుపు కొడుతున్నారు. నాయనే.

"ఏమ్మే, కారు సీటు ముందుకు జరిపిందెవురు?"

ఈ కాగితాలు ఫిజిక్స్ పుస్తకంలో దాచేస్తున్నాను. లైసెన్సు మాత్రం చేతిలోనే పట్టుకున్నాను.