నిలకడ వారాల మీద ఎర్ర గీత

మార్చి 6, గురువారం. మధ్యాహ్నం 1.20

ఈ రోజు మా పిన్నికి అన్యాయం జరిగింది. చేసింది తూకం మేడమ్. ముందు ఈ ముక్క రాసి పెడతాను, ఊపిరి తర్వాత పీల్చుకుంటాను.

మా లాండ్రీలో బరువు తగ్గే క్లబ్ ఉంది. పన్నెండు మంది ఆడవాళ్లు. ప్రతి గురువారం పొద్దున్నే సరుకు తలుపు దగ్గర, మాసిన దుప్పట్ల ట్రాలీలు తూచే తూకం మీదే మనుషుల్నీ తూస్తారు. వ్యాన్ డ్రైవర్లు టీ తాగుతూ చూస్తుంటారు. మేడమ్ అంకె చదువుతుంది, గోడ మీది చార్టులో తగ్గితే పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత గీస్తుంది, కార్డు మీద సంతకం పెడుతుంది. పిన్నికి ఆ సంతకమే ప్రాణం. ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయాలంటే ఎనభై అయిదు కిలోలకు దిగాలి, అప్పటిదాకా ఏ వారమూ తప్పకుండా కార్డు మీద సంతకం ఉండాలి అని ఆసుపత్రివాళ్ల షరతు. కార్డు పోతే లిస్టులో పేరు పోతుంది. మళ్లీ మొదటి నుంచి ఏడాదిన్నర.

నూట నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో తొంభై ఏడుకి వచ్చింది పిన్ని. మడత బల్ల దగ్గర రోజంతా నిలబడి, ఆ మోకాలితోనే. తర్వాత రెండు వారాలు ఆగింది. సొంత తెలివితో ఆగలేదు. ఆసుపత్రిలో డైట్ చెప్పే అమ్మాయి మొదటి రోజే కాగితం మీద రాసిచ్చింది. ఎనిమిది వారాలు తగ్గడం, రెండు వారాలు నిలకడ, మళ్లీ ఎనిమిది. చాలా దూరం వెళ్లాలి కాబట్టి మధ్యలో ఆగాల్సిందే అని. ఆ రెండు గురువారాలూ అంకె కదల్లేదు. క్లబ్ రూలేమో వరసగా రెండు వారాలు తగ్గకపోతే అవుట్.

పిన్ని కాగితం చూపించింది. మేడమ్ చదవనైనా చదవలేదు. డైట్‌కి సెలవులేమిటమ్మా, నోటికి ఆదివారాలు కూడా ఉంటాయా అంది. డ్రైవర్లు నవ్వారు. ఎర్ర గీత గీసింది, పిన్ని కార్డు తన సొరుగులో పడేసుకుంది. పిన్ని చెప్పులు వేసుకోవడానికి వంగింది. వంగడానికి గోడ పట్టుకుంది. ఎవరూ చూడకపోయినా నేను చూశాను.

అదే రోజు, సాయంత్రం

బాబాయి లాండ్రీ వ్యాన్ నడుపుతాడు. పొద్దున ఆయన నవ్వలేదట, టీ గ్లాసు అక్కడే పెట్టేసి వ్యాన్ ఎక్కేశాడట. అదేమైనా గొప్పా, నవ్విన నోళ్లు మూయించాలి గానీ అన్నాను. నీకేం తెలుసే, మొదటి వారం జేబులో రెండు బోల్టులు వేసుకుని ఎక్కి రెండో వారం తీసేసుంటే పచ్చ గీత తనంతట తనే పడేది, మీ పిన్నికి అబద్ధం చేతకాదు అన్నాడు. పిన్ని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. న్యాయం అడగాల్సిన చోట బోల్టులా!

నా దగ్గర కరపత్రం ఉంది. హెల్త్ సెంటర్ వరండాలోంచి తెచ్చుకున్నది. ఎక్కువకాలం డైట్ చేసేవాళ్లు ముందే అనుకుని బ్రేక్ తీసుకోవడం తప్పు కాదు, అవసరం అని పై పేజీలోనే లావు అక్షరాల్లో ఉంది. లాండ్రీలో నన్ను కరపత్రం అనే పిలుస్తారు. పిలవనీ.

మార్చి 7, శుక్రవారం

మేడమ్ గదికి వెళ్లి ఆ పేజీ గట్టిగా చదివాను. ఫోన్ లోంచి తల ఎత్తకుండా, నువ్వు క్లబ్‌లో ఉన్నావా అంది. లేనన్నాను. అయితే వెళ్లి దుప్పట్లు చూసుకో తల్లీ అంది.

తల్లీ అట. గది బయటికి నెట్టడానికి వాడుకునే తల్లీ.

మార్చి 8, శనివారం

పిన్ని మళ్లీ డైట్ మొదలుపెట్టింది. కార్డు లేదు, తూకం లేదు, చూసేవాళ్లు లేరు. అయినా మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోతోంది.

మార్చి 10, సోమవారం

సామూహిక విరామం! ఈ మాట నాదే, ఏ కాగితంలోనూ లేదు. క్లబ్‌లో మిగిలిన పదకొండు మందికీ మిషన్ల మోతలో చెవి దగ్గర అరిచి చెప్పాను. ఒకరు ఆగితే తప్పంటారు, అందరూ ఆగితే ఏం చేస్తారు? గోడ నిండా ఎర్ర గీతలు గీసుకుంటారా? ఇస్త్రీ రోలరుకు మధ్యాహ్నం ముప్పావుగంట చల్లారే టైమ్ ఇస్తారు, ఇవ్వకపోతే మేస్త్రీ గగ్గోలు పెడతాడు. ఇనుముకు ఉన్న పాటి విలువ మనిషికి లేదా?

పెద్ద వాషింగ్ మిషన్ నడిపే అద్దాలక్క అంతా విని, కేకు ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. అయితే విప్లవానికి నేను రెడీ అంది.

మార్చి 11, మంగళవారం

క్యాంటీన్ బల్ల మీద మూడు కేకులు, వేయించిన చికెన్, చిప్స్, కూల్ డ్రింకులు. ఎన్ని నెలలైందో అలా నవ్వుకుని వీళ్లంతా. కుర్చీ ఎక్కి మాట్లాడాను. ఆకలి మన హక్కు అనేశాను, తిండి అనబోయి. అయినా చప్పట్లు కొట్టారు. గురువారం దాకా రోజూ ఇదే అని తీర్మానం.

పిన్ని రాలేదు. మడత బల్ల పక్కన స్టూలు మీద ఒక్కతే కూర్చుని డబ్బాలోని రెండు గుడ్లు, బ్రెడ్డు ముక్క, ఒక యాపిల్ తింది. ఎవరి కోసం చేస్తున్నాను ఇదంతా? పిరికితనం అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

రాశాను.

మార్చి 13, గురువారం. పొద్దున 9.40

ఒక్కొక్కరి అంకె మేడమ్ గట్టిగా చదివింది. కిలో ఎక్కువ. కిలోన్నర ఎక్కువ. కిలో ఎక్కువ. అద్దాలక్క మూడు కిలోలు. డ్రైవర్లు ఒక్కో అంకెకూ ఓ అని అరిచారు, ఆటలో గోల్ పడ్డట్టు.

మేడమ్ ఎర్ర పెన్ను మూత పెట్టి, చూశారుగా, బ్రేక్ అంటే ఇదీ అంది. ఆ మాట అంటున్నప్పుడు మా వైపు చూడలేదు. వెనక దుప్పట్ల మూట పట్టుకుని నిలబడిన పిన్నిని చూసింది.

నేను చేతిలోని కరపత్రం మడిచి జేబులో దాచుకున్నాను. నేను!

సాయంత్రం 6

పిన్ని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా కరపత్రం అడిగి తీసుకుని, మడత విప్పింది. లోపల ఇంకో రెండు పేజీలు ఉన్నాయి. నేను ఎప్పుడూ విప్పలేదు. లావు అక్షరాలు పైనే ఉన్నాయి కదా అని.

చదవవే, గట్టిగా చదువు, కుర్చీ ఎక్కుతావా పోనీ అంది. చదివాను. బ్రేక్ అంటే ఒంటికి సరిపడా తినడం, బరువును ఉన్నచోట నిలబెట్టడం, ఎంతకాలమో ముందే అనుకోవడం, అనుకున్న రోజున తిరిగి మొదలుపెట్టడం. కేకు అనే మాట ఎక్కడా లేదు.

తర్వాత పిన్ని చెప్పింది. ఇంత సేపు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. తగ్గడం కష్టమేమీ కాదే అంది, నోరు కట్టుకుంటే తగ్గుతాం, ఇన్నేళ్లలో నాలుగు సార్లు తగ్గాను, నాలుగు సార్లూ ఒక్క రోజు వదిలేసరికి తిరిగి అక్కడికే. నాకు భయం ఆకలంటే కాదు, కంచమంటే. కడుపు నిండా తినమంటే ఎక్కడ ఆగాలో నాకు తెలియదు. ఈ రెండు వారాలూ తిన్నాను, ఆగాను. తిన్నాను, ఆగాను. పద్నాలుగు రోజులు. నా బతుకులో మొదటిసారి. ఆవిడ ఎర్ర గీత గీసింది దాని మీద. నువ్వు దాన్ని ఊరేగించావు.

నాకు మేడమ్ మీద కోపం తగ్గలేదు. కానీ ఇవాళ ఆ కోపంలో నాకూ సగం వాటా ఉంది.

మార్చి 15, శనివారం

ఆసుపత్రికి వెళ్లాను, పిన్నిని అడిగే వెళ్లాను. డైట్ చెప్పే అమ్మాయి నా కంటే రెండేళ్లు పెద్దదేమో. విషయం విని కళ్లద్దాలు తీసి బల్ల మీద కొట్టినంత పని చేసింది. ఆ రెండు వారాల్లో తగ్గకపోవడమే ఆవిడ చేయాల్సిన పని, చెప్పిన పని చెప్పినట్టు చేసినందుకు పేరు కొట్టేస్తారా అంది. ఉత్తరం రాసి స్టాంపు వేసి ఇచ్చింది. కానీ ఉత్తరం ఒక్కటే చాలదట. బ్రేక్ తర్వాత తిరిగి తగ్గుతోందని మా లాండ్రీ కంపెనీ డాక్టర్ ఎదురుగా తూకంలో తేలాలి. ఆయన నెలకోసారి కార్డులు చూడడానికి వస్తాడు. ఈ నెల 20న. అది దాటితే పేరు పోయినట్టే.

తూకం ఉన్నది లాండ్రీలో. క్లబ్ లోంచి తీసేసిన మనిషిని మేడమ్ తూకం ఎక్కనివ్వదు.

మార్చి 17, సోమవారం

క్లబ్‌వాళ్లు నాతో మాట్లాడడం లేదు. న్యాయమే. మిషన్ మిషన్ దగ్గరికీ వెళ్లి, లోపలి పేజీలు చదవకుండా మిమ్మల్ని అల్లరిపాలు చేశాను, తప్పు నాదే అని చెప్పాను. చేతులు ఊపకుండా చెప్పడం ఎంత కష్టం!

అద్దాలక్క సబ్బు నీళ్ల చేతులు తుడుచుకుంటూ, ఆ మూడు కిలోలు ప్యాక్ చేసి ఇస్తాను, ఇంటికి పట్టుకుపోవే కరపత్రం అంది. తర్వాత లోపలి పేజీ తనకు చదివి వినిపించమంది. రెండు సార్లు. అయితే మీ పిన్ని అప్పుడు చేసింది సరైన పనేనన్నమాట అంది. వరసలో మొదటి నంబరు నాది, డాక్టర్ ముందు నేను పక్కకు తప్పుకుంటాను, మీ పిన్ని ఎక్కుతుంది, ఎవరు దింపుతారో చూస్తాను అంది.

మార్చి 18, మంగళవారం

గురువారం పిన్ని తూకం ఎక్కే సంగతి ఎనిమిది మందికి చెప్పాను. ఇంకా ముగ్గురు.

మార్చి 19, బుధవారం. సాయంత్రం 5.30

నోటీసు పిన్ని చెప్పింది, నేను రాశాను. అన్యాయం అనే మాట పెడతానన్నాను. వద్దంది. అంకె చెప్తుందిలే అంది. బట్టలు మార్చుకునే గదిలో అంటించాను. ఇది కాపీ.

రేపు గురువారం, ఉదయం ఏడు ముప్పావుకు, సరుకు తలుపు దగ్గర తూకం ముందుకు రండి. డాక్టర్ ఉంటాడు. నేను ఎక్కుతాను. అంకె తగ్గినా, పెరిగినా, ఉన్నచోటే ఉన్నా అందరూ కలిసి గట్టిగా చదవాలి. చప్పట్లు వద్దు. ఖాళీ కడుపుతో ఎవరూ నిలబడొద్దు. తిని రండి.